ఏడో పాట

మా అక్క కూతురు మౌనిక డిచ్‌పల్లి క్యాంపస్‌లో పీజీ చదువుతుంది. పోయిన నెల ఒక ఆదివారం లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వచ్చి, చెప్పులు విడవకముందే ఒక ప్రశ్న అడిగింది. పాటలు చేయడం మొదలుపెడదామనుకుంటున్నదట. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో తేలడం లేదట. స్నేహితులు తలా ఒకటి చెబుతున్నారట. "తాత ఉన్నప్పుడు నువ్వు చేసిన పాట దేంట్ల చేసినవ్ మామా? నేను గూడ అదే పెట్టుకుంట" అంది. నేను అప్పుడు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నాను. మా వంశంలో మగవాళ్లందరం అలాగే కూర్చుంటాం. వంశానికి మిగిలిన స్థిరాస్తి అదొక్కటే. ఆ ప్రశ్నకు వెన్ను కొంచెం వంగింది. అప్పటివి ఇప్పుడు దొరకవని చెప్పి, టీ తాగుతావా అని మాట మార్చాను.

మౌనిక అంత తేలికగా వదిలే పిల్ల కాదు. నేను టీ పెట్టి వచ్చేసరికి పాత భోషాణం మూత లేపి, నాఫ్తలీన్ ఉండల వాసన మధ్య నుంచి రెండు సీడీలు తీసి పట్టుకుంది. ఒకటి కంప్యూటర్ పత్రికతో పాటు ఊరికే వచ్చింది. రెండోది లింబాద్రి గుట్ట జాతర పాటలది. దాని అట్ట మీద నరసింహస్వామి బొమ్మ వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. జాతర సీడీలో ఏడో పాట నేను చేసిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా బాపు, అంటే మౌనిక తాత, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వినిపించేవాడు. మౌనిక ఊయలలో ఉన్నప్పటి నుంచీ వింటున్నది. ఆ రెండు సీడీల నడుమ ఏం జరిగిందో మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

మాది బోధన్ దగ్గర పల్లె. ఒకప్పుడు మా ఇంటిని గడి, అంటే దొరల కోట, అనేవాళ్లు. నాకు బుద్ధి తెలిసేనాటికి అందులో సగం గదులకు కప్పు లేదు, మిగతా సగంలో గబ్బిలాలుండేవి. అయినా చక్కెర ఫ్యాక్టరీ సైరన్ వినబడగానే బాపు గడియారం బయటికి తీసి, సైరన్ సరిగ్గా కూసిందో లేదో చూసేవాడు. గడియారాన్ని సైరన్‌తో సరిచూసుకోవడం వేరేవాళ్ల పద్ధతి. చెరుకు ఆడే కాలంలో గాలి ఇటు తిరిగితే మొలాసిస్ వాసన ఇంట్లోకి వచ్చేది. ఎక్కువైతే అది కుళ్లిన వాసనే, కానీ మాకు అది కలిమి వాసన. తర్వాత పొలాలు పోయాయి, సైరన్ ఆగిపోయింది, గడి కూడా అమ్ముడుపోయింది. మేము నిజామాబాద్‌లో పసుపు మార్కెట్ వెనక రెండు గదులూ ఒక వరండా ఉన్న అద్దె ఇంటికి వచ్చాం. సీజన్‌లో అక్కడ గాలి కూడా పచ్చగా ఉండేది. అమ్మ ఆరేసిన తెల్ల ధోవతులు సాయంత్రానికి పెళ్లి బట్టల్లా అయ్యేవి.

గడి నుంచి తెచ్చుకున్నవి నాలుగు: ఎత్తు వీపు కుర్చీ, వెండి పిడి చేతికర్ర, భోషాణం, మా తాత హార్మోనియం. కుర్చీ లోపలికి పట్టక వరండాలోనే ఉండిపోయింది. బాపు తెల్లవారే, ఇక కూయని సైరన్ వేళకు, లేచి వెండి గ్లాసులో టీ తాగి, కర్ర మోకాళ్ల మీద పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చునేవాడు. పూర్వం అలా కూర్చుంటే జనం అర్జీలతో వచ్చేవారట. ఇప్పుడు పాలవాడు, కరెంటు మీటరు చూసేవాడు వచ్చేవాళ్లు. బాపు వాళ్లను ఏ ఊరు, ఎవరి కొడుకువని విచారించి పంపేవాడు. ఇంటి ఓనరు కూడా, పాపం, తన సొంత వరండాలో నిలబడే మాట్లాడేవాడు.

నా డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం రాలేదనడం అబద్ధం, నేను అడగలేదు. దరఖాస్తు చివర 'తమ విధేయుడు' అని రాయాలంటే నా చేయి ఆగిపోయేది. సంగీతమైతే ఎవరికీ విధేయత రాయనక్కరలేదనుకున్నాను. హార్మోనియం కొంత వచ్చు. అప్పుడే మా మేనమామ ఒక కంప్యూటర్ కొనిచ్చాడు. అది దానం కిందికి రాదనీ మేనమామ పెట్టే లాంఛనమనీ బాపు తీర్మానించాక దాన్ని భోషాణం మీద ప్రతిష్ఠించాం.

పోశెట్టి గురించి చెప్పాలి. వాళ్ల నాయన మా చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి తోలినవాడు. పోశెట్టి, నేను ఒక ఈడువాళ్లం, ఒకే బడి. అతడు నా కంటే ముందే నిజామాబాద్ వచ్చి బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణం పెట్టి, వెనక గదిలో గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి రికార్డింగ్ మొదలుపెట్టాడు. గొంతు బాగుండేది. ఒకరోజు నన్ను పిలిచి, కార్తీకంలో లింబాద్రి జాతరకు ఎనిమిది పాటల సీడీ తెస్తున్నానని, నాకు రాగాలు తెలుసు కనుక అందులో ఒకటి నన్ను చేయమని అడిగాడు. జాతరలో దుకాణాల వాళ్లకు మాట ఇచ్చేశాడట. పాట రాసి ఉంది, అతడే పాడతాడు, బాణీ, వాయిద్యాలు నావి. తన గదికి వచ్చి చేసుకోమన్నాడు. అతని కంప్యూటర్‌లో మంచి సాఫ్ట్‌వేర్ ఉంది. హైదరాబాద్ నుంచి ఎవరో తెచ్చిన నకలు సీడీ. ఊళ్లో పాటలు చేసేవాళ్లందరిదీ అదే. "నీకు గూడ ఒకటి కొట్టిస్త, తీస్కపో" అన్నాడు. మా ఇంట్లోకి దొంగ సొమ్ము రాదని చెప్పాను. నా కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న మిగతా సరుకంతా దుకాణంవాడు ఎక్కడి నుంచి తెచ్చి వేశాడో నేను అడగలేదు. అడగని విషయాల్లో మా వంశం పరువు ఎప్పుడూ భద్రంగానే ఉంది.

అలా పత్రికతో వచ్చిన సీడీ ముందు కూర్చున్నాను. అందులో పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌లు నాలుగున్నాయి. వాటిలో ఒక్కదాని గురించీ నాకు ఏమీ తెలియదు. తెలిసినవాణ్ణి అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది కనుక, పెళ్లిసంబంధాలు చూసినట్టు నాలుగింటినీ తెరిచి చూశాను. మొదటిది తెరిస్తే తాలూకా ఆఫీసు రిజిస్టరులా అన్నీ గీతలు, గళ్లు. రెండోది రంగురంగుల డబ్బాలతో పిల్లల ఆటవస్తువులా ఉంది. మూడోది చూడడానికి బాగానే ఉంది, వెంటనే పని కూడా చేసింది. కానీ కింద 'పూర్తిగా ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు' అని రాసి ఉంది. ఎవరైనా వాడుకునేది మనకెందుకని మూసేశాను. నాలుగోది తెరుచుకోగానే నా మనసు ఆగిపోయింది. తెర మీద టేకు చెక్క పలకలు, వాటి మీద ఇత్తడి రంగు గుండీలు. అచ్చం గడిలో మా తాత రేడియోలాగ ఉంది. చెక్క నిజం కాదు, గుండీలు తిరగవు, అయినా ఆ బొమ్మను చూసి నేను సంగీత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాను. దాని ధ్వని ఎలా ఉందో మర్నాడు విన్నాను.

దానికి ఒక షరతు ఉంది. అది ట్రయల్. పాట చేసుకోవచ్చు, సేవ్ కూడా చేసుకోవచ్చు. కానీ ఒకసారి మూస్తే, కొనేదాకా ఆ ఫైలు మళ్లీ తెరుచుకోదు. కొనాలంటే డాలర్లు, క్రెడిట్ కార్డు కావాలి. మా వాడకట్టులో ఆ రెండూ చూసినవాడు లేడు. ఇంకొకడైతే అక్కడే ఆ సీడీ పక్కన పెట్టి పోశెట్టి దగ్గరికి పోయేవాడు. నేను ఆలోచించి, మూయకుండా ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాను. పాట పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆపను. ఇందులో నాకు కష్టమేమీ కనబడలేదు.

పదకొండు రోజులు ఆపలేదు. ఎందుకు ఆపకూడదో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోతే పావుగంట నడిపించే యూపీఎస్ ఉండేది. దానికి తోడు, మెకానిక్ షెడ్డు నుంచి ఒక లారీ బ్యాటరీ తెప్పించి బిగించాను. గది నిండా ఆసిడ్ వాసన. మిక్సీ వేస్తే ఫ్యూజు పోతుందని భయపడి అమ్మ పదకొండు రోజులూ పచ్చడి రోట్లో నూరింది. అక్క ఇస్త్రీ మానేసి బట్టలు పరుపు కింద పెట్టి పడుకునేది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది బాపు. జాతర పాటలు చేయడం మన స్థాయి పని కాదని మొదటిరోజు అన్నవాడు, మూడోరోజు తన ఎత్తు కుర్చీని గడప దగ్గరికి జరిపించుకుని, ఎవరూ అటు పోకుండా కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనకు కాపలా కాయడానికి ఒక వస్తువు దొరికింది. ఓనరు మీటరు గిరగిరా తిరుగుతున్నదని చెప్పడానికి వస్తే, "లోపల పని నడుస్తున్నది" అని ఒక్క మాట చెప్పి పంపేశాడు.

పోశెట్టి పాడడానికి వచ్చిన రోజు సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కానీ రాస్తున్నాను. అతడు వచ్చి వరండాలో ఆగాడు. అలవాటు. బాపు లోపలికి రమ్మనలేదు. అదీ అలవాటే. నేను మైకు వైరు లాగి చూస్తే వరండా దాకా సరిగ్గా సరిపోయింది. సరిపోయినందుకు సంతోషించాను కూడా. అతడు అద్దె ఇంటి వరండాలో, ఓనరు మెట్ల మీద నిలబడి చూస్తుండగా, చెవికి చేయి అడ్డం పెట్టుకుని పాడాడు. నేను లోపల హెడ్‌ఫోన్ పెట్టుకుని, దొడ్డమనిషిలా తల ఊపాను. పోయేటప్పుడు, ఎంతవరకైంది, కొంచెం వినిపించమని అడిగాడు. అయినంతవరకు సీడీకి ఎక్కించి ఇవ్వడం పది నిమిషాల పని. ఉడకని అన్నం మా ఇంట్లో వడ్డించరని చెప్పాను.

దసరా వచ్చింది. మా ఊళ్లో జమ్మి దగ్గర మొదటి ఆకు తుంచే హక్కు మా ఇంటిది. గడి పోయినా ఆ హక్కు ఎవరూ కొనలేదు. బాపుకు మోకాళ్ల నొప్పులు కనుక నేను పోవలసిందే. కంప్యూటర్‌ను బాపుకు అప్పగించి, ఎవరూ ముట్టుకోకుండా చూడమని చెప్పి, ఇస్త్రీ లేని పట్టు పంచె కట్టుకుని బోధన్ బస్సు ఎక్కాను. నేను పోయేసరికి జమ్మి కొమ్మల మీద సగం ఆకు లేదు. నా కోసం ఎవరూ ఆగలేదు. బడి పిల్లవాడొకడు జాలిపడి తన చేతిలోని ఆకు నాకిచ్చాడు. దాన్ని మొదటి ఆకులాగే రుమాలులో కట్టుకుని తిరిగొచ్చాను.

ఊళ్లో జమ్మి కొట్టే వేళకే ఇంట్లో ఆయుధ పూజ చేయడం మా పద్ధతి. పూర్వం తుపాకీలు, కత్తులు ఉండేవి. తుపాకీలోంచి తూటాలు తీసేసి, అన్నిటినీ తుడిచి, ఎర్ర బట్ట మీద పడుకోబెట్టేవాళ్లు. ఆ ఒక్క పూట వాటికి పని చెప్పకూడదు. పట్నం వచ్చాక ఎర్ర బట్ట మీదికి అడకత్తెర, కూరగాయల కత్తి, అక్క కుట్టుమిషన్ వచ్చాయి. ఆ రాత్రి నేను లోపలికి అడుగు పెడితే భోషాణం మీద ఎర్ర బట్ట పరిచి ఉంది. దాని మీద కంప్యూటర్. తెరకు మూడు కుంకుమ బొట్లు, మెడ చుట్టూ బంతిపూల దండ, పసుపు రాసిన కీబోర్డు. అద్దంలా తుడిచిన నల్లటి తెర. ఫ్యాను చప్పుడు లేదు. వైర్లన్నీ ప్లగ్గుల్లోంచి తీసి, ఒబ్బిడిగా చుట్టి, పక్కన పెట్టి ఉన్నాయి. యూపీఎస్ కీకీమని అరుస్తుంటే దాని గుండీ కూడా బాపే నొక్కేశాడట.

బాపు స్నానం చేసి, కోటు వేసుకుని, పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం నేను అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

"పదకొండు దినాలైంది, దానికి పానం లేదా? ఒక్క పూట పండుకోనీ" అన్నాడు. తర్వాత దండ సర్ది, నా వైపు చూడకుండా అన్నాడు: "మన ఇంట్ల ఇప్పుడు ఇదొక్కటే ఆయుధం రా."

నేను రుమాలు విప్పి జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కాను. ఇంకేం చేస్తాను? మర్నాడు ప్లగ్గులన్నీ పెట్టి ఆ ఫైలు మీద నొక్కితే, కొనుక్కుని తెరవండని ఇంగ్లీషులో చాలా మర్యాదగా రాసి వచ్చింది. నా వంశంలో ఎవరితోనూ ఒక యంత్రం అంత మర్యాదగా మాట్లాడి ఉండదు.

పోశెట్టికి నిజం చెప్పలేదు. అంతా విన్నాక పాట నాకే నచ్చలేదని, తుడిచేశానని చెప్పాను. అతడు కాసేపు గల్లాపెట్టె మీద వేళ్లతో తాళం వేసి, "నాతాన కూసో పటేలా. రెండు దినాల్ల మల్ల చేద్దాం. నీ బాణీ నీకు యాదికుంటది గద" అన్నాడు. ఆ గదిలో ఒక కుర్చీ, ఒక విరిగిన స్టూలు ఉన్నాయి. నేను వాటిని చూసి, జాతర పాటలు మాకు సరిపడవన్నాను. బాపు మొదటిరోజు అన్న మాటే. దుకాణాలకు మాట ఇచ్చినవాడు అతడు. నాకిచ్చిన పాట, సీడీలో ఏడోది, అతడే ఇంకో బాణీలో చేసుకున్నాడని తర్వాత విన్నాను. ఆ తర్వాత ఆ దుకాణం ముందు నుంచి పోవలసి వస్తే రోడ్డుకు అవతలి పక్క నుంచి పోయేవాణ్ణి.

కార్తీకంలో ఒకరోజు బాపు, మోకాళ్ల నొప్పులతోనే, కర్ర పట్టుకుని ఒంటరిగా బస్టాండు దాకా నడిచి వెళ్లాడు. తిరిగొచ్చి కోటు జేబులోంచి ఆ సీడీ తీసి నా చేతికిచ్చి, ఏడోది పెట్టమన్నాడు. పెట్టాను. పాట అయిపోయేదాకా నిలబడే విన్నాడు. తర్వాత, "మంచిగున్నది. మన చెయ్యి తెలుస్తున్నది" అన్నాడు. నా జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, నేను చేయని పాటకు. ఏడో పాట నాదని ఆయనే ఊహించుకున్నాడని అనుకున్నాను. కాదని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. బయటికొచ్చిన మాట, "ఇంకోసారి పెట్టాలా బాపూ?" అని. ఆ తర్వాత ఆయన పోయేదాకా ఎన్నిసార్లు పెట్టానో. చుట్టాలు మెచ్చుకుంటే, అబ్బే అదేం గొప్ప అన్నట్టు చేయి ఊపేవాణ్ణి. ఆ వినయం ఒక్కటే అందులో నిజం. సంగీతం అంతటితో మానేశాను. ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు రాసే పని దొరికితే, 'తమ విధేయుడు' అని రాసి చేరాను.

టీ చల్లారిపోయింది. మౌనిక సీడీ అట్ట వెనక చదువుతూ, దీని మీద ఉన్న పోశెట్టి వినాయక్ నగర్‌లో పెద్ద స్టూడియో పెట్టిన పోశెట్టేనా అని అడిగింది. ఆయన్నే అడుగుదాం పద అంది. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. స్కూటీ వెనక, వెన్ను నిటారుగా పెట్టుకుని, మేనకోడలి భుజం పట్టుకుని వెళ్లాను.

స్టూడియోకి గాజు తలుపు. చలవ గది. గోడల నిండా గుడ్డల పలకలు, కోడిగుడ్ల అట్టలు లేవు. నేను గడప బయటే ఆగాను. ఎందుకు ఆగానో అప్పుడు తెలియలేదు. పోశెట్టి, జుట్టంతా తెల్లబడింది, కుర్చీలోంచి లేచి వచ్చి తలుపు పట్టుకుని, "లోపటికి రా పటేలా. వైరు అంత దూరం రాదు" అన్నాడు.

మౌనిక తన ప్రశ్న అడిగింది. మా మామ ఏడో పాట దేంట్ల చేసిండు? పోశెట్టి నా వైపు చూశాడు. ఈసారి నోరు తెరిస్తే సరైన మాట వచ్చింది. ఆ పాట నేను చేయలేదని, మీ తాత పొరపాటు పడ్డాడని ఆ పిల్లకు చెప్పాను. దసరా సంగతి మొత్తం చెప్పాను. పోశెట్టి చివరిదాకా విని, తల అడ్డంగా ఊపాడు.

"దొర పొరపాటు పడలే. దుకాణం బయట నిలవడి, మా పిలగాని పాట ఏదిరా అని అడిగిండు. లోపటికి రమ్మంటె రాలే. ఎండల నడిచొచ్చిండు, కాళ్లు వణుకుతున్నయ్. లేదని ఎట్ల చెప్పుదు? ఏడోది దొరా అన్న."

"మరి అది నీ పాట గదనే" అన్నాను.

"నాకు ఇంక ఏడున్నయ్ గద."

ఉచితం అని రాసి ఉందని ఒకనాడు నేను మూసేసిన మూడో సాఫ్ట్‌వేర్ గుర్తొచ్చింది. మా ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా మోగినదంతా మేము వరండాలో నిలబెట్టిన మనిషి ఊరికే ఇచ్చిందే. బాపుకు తెలియదు. తెలిస్తే ఏమనేవాడో నేను ఊహించలేను.

పోశెట్టి మౌనికకు ఇప్పుడున్నవన్నీ చూపించాడు. ఏది పెట్టుకోను మామా అని ఆ పిల్ల మళ్లీ నన్నే అడిగింది. చెక్క పలకలున్నది ఒకటి ఇప్పటికీ ఉంది, చూడముచ్చటగా. నేను ఫ్రీది పెట్టుకోమన్నాను. ఆమె అక్కడే లాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. పోశెట్టి పక్కనున్న కుర్చీ నా వైపు జరిపి, చిన్న కీబోర్డు ముందు పెట్టి, ఆ పోయిన బాణీ యాదికున్నదా అని అడిగాడు. కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఆ పాట బతికి ఉంటే జిల్లా మొత్తం మారుమోగేదని నాలో నేను అనుకుంటూ వచ్చాను. పల్లవి వాయించాను. పోశెట్టి గొంతెత్తి అందుకున్నాడు. విన్నాక ముగ్గురికీ తెలిసిపోయింది, అతని ఏడో పాటే బాగుంది. "పల్లవి జర ఫర్వాలేదు" అన్నాడతడు, మర్యాదకు.

మౌనిక తన లాప్‌టాప్‌లో రికార్డయిన ఆ పల్లవిని సేవ్ చేసింది. నా ముఖం చూసి, ఏమనుకుందో, ఫైలు మూసేసింది. ఒక్క క్షణం ఆగి మళ్లీ నొక్కింది. తెరుచుకుంది.

"వాయించు మామా, చరణం మిగిలింది" అంది.